‘దిద్దడం’ ఉండగా ‘మూల్యాంకనం’ ఎందుకు?

మిత్రులకు నమస్కారం. తిరుపతిలో ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. తరగతి గదిలో పిల్లలకు మార్కులు వేసే పద్ధతి ఎలా ఉంటే న్యాయంగా ఉంటుందో ఒక పేజీ రాసి తెమ్మని మా స్కూల్ కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే) సమావేశం వాళ్ళు అడిగారు. శీర్షిక దగ్గరే ఆగిపోయాను. ‘తరగతి గదిలో న్యాయమైన మూల్యాంకనం’ అని రాసి కొట్టేశాను.

కారణం చెబుతాను. పోయిన నెల తల్లిదండ్రుల సమావేశానికి ఒక పాప తరఫున వాళ్ళ అవ్వ వచ్చింది. ప్రోగ్రెస్ కార్డు చేతిలోకి తీసుకుని ‘నిర్మాణాత్మక మూల్యాంకనం’ అని కూడబలుక్కుని చదివింది. చదివాక కొంగు ముడి మీద చెయ్యి వేసి, ‘మూల్యం అంటే ఇప్పుడు ఎంత కట్టాలమ్మా?’ అని అడిగింది. ఆమె తప్పేమీ లేదు. పత్రికల్లో ‘భారీ మూల్యం చెల్లించుకున్నారు’ అన్నచోట తప్ప ఆ మాట మనకు మరెక్కడ ఎదురవుతుంది?

స్టాఫ్ రూములో ఎవరమూ ‘మూల్యాంకనం చేస్తున్నాను’ అనం. ‘పేపర్లు దిద్దుతున్నాను’ అంటాం. ఎంత మంచి మాటో చూడండి. పలక మీద పెద్దలు రాసిపెట్టిన ‘అ’ మీద పిల్ల బలపంతో తిరిగి తిరిగి రాస్తే అది దిద్దడం. నుదుట బొట్టు దిద్దుతాం. పిల్లలను తీర్చిదిద్దుతాం. గురజాడ 1910లో రాసిన కథకు ‘దిద్దుబాటు’ అని పేరు పెట్టారు, అక్కడ దిద్దుకున్నది ఒక మనిషి నడవడి. వీటిలో ఎక్కడా వెల కట్టడం లేదు. దిద్దాక అది ముందుకంటే బాగుపడాలి. మరి ఇరవైకి ఏడు అని వేసి కాగితం తిరిగి ఇచ్చేసినప్పుడు మనం దిద్దినట్టేనా? ఈ రెండు మాటల గురించి తెలిసినవారు చెప్పండి.

సంస్కృత విద్యార్థి, తిరుపతి:
మేడం గారూ, అవ్వ సరిగానే చదివారు. మూల్య + అంకనం, సవర్ణదీర్ఘ సంధి. ‘మూలం’ నుంచి ‘మూల్యం’ ఎలా వచ్చిందో పాణిని సూత్రంలోనే ఉంది, వెల అనే అర్థం అంత పాతది. అంకనం అంటే గుర్తు వేయడం. అంకె, అంకితం దాని చుట్టాలే. అయితే నాకు ఇంకో మాట మీద దిగులు. ‘పరీక్ష’లో పరి అంటే చుట్టూ, ఈక్ష అంటే చూడటం. అన్ని వైపుల నుంచీ చూస్తేనే అది పరీక్ష. కాగితం మీద ఒక్క వైపే చూసి దానికి పరీక్ష అని పేరు పెట్టుకున్నాం. తర్వాత ‘సమగ్ర’ అని ఒక విశేషణం తెచ్చి అతికించుకోవలసి వచ్చింది.

బ్యాంకు ఉద్యోగి, నగరి:
మా ఇంట్లో తమిళం. అమ్మ తమిళ మాధ్యమంలో టీచరుగా చేసింది, పరీక్షల రోజుల్లో పేపర్లు ‘తిరుత్త’ వలసి ఉందనేది. తిరుత్తు, దిద్దు ఒకే మాట. కుప్పం దాటి కన్నడం వాళ్ళను అడిగితే ‘తిద్దు’ అంటారు. మూడు భాషల టీచర్లూ ఒకే పనికి ఒకే మాట వాడుతున్నారు, మార్చకండి.

తిరుపతి తెలుగు టీచరు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. నగరి మిత్రుడి మాట చదివాక ఒక పాత సంగతి చెప్పాలనిపించింది.

పెళ్ళయి గుంటూరు నుంచి ఈ ఊరు వచ్చిన కొత్తలో, ఆరో తరగతి పిల్లవాడొకడు పెంపుడు జంతువుల మీద వ్యాసం రాశాడు. ‘మా ఎనుము పూటకు మూడు లీటర్లు ఇస్తుంది. దూడ చచ్చిపోయినప్పటి నుంచి మా అమ్మ చెయ్యి తగిలితేనే చేపుతుంది.’ నేను ‘ఎనుము’ చుట్టూ ఎర్ర సున్నా చుట్టి, పైన ‘గేదె’ అని రాసి రెండు మార్కులు తగ్గించాను. ‘చేపుతుంది’ (పొదుగులోకి పాలు దించుతుంది) కింద గీత గీశాను. 1852 నాటి బ్రౌన్ నిఘంటువులో ఎనుము ఉంది. తెరిచి చూసే ఓపిక నాకు లేకపోయింది. ఆ కట్టలో తక్కిన వ్యాసాలన్నీ ‘గేదె మనకు పాలు ఇచ్చును’ అనే గైడు వాక్యంతో మొదలయ్యాయి, వాటికి పూర్తి మార్కులు వేశాను. వాడి తెలుగు నా తెలుగుకు ఎంత దూరంలో ఉందో కొలిచి, ఆ దూరానికి మార్కులు కోశాను.

అందుకే నా పేజీలో మొదటి సంగతి, దేనికెన్ని మార్కులో ముందే బోర్డు మీద రాయడం. వ్యాసానికి పది అయితే విషయానికి ఎన్ని, వాక్యానికి ఎన్ని, అక్షరదోషాలకు కోత ఎంత. ఇంటి మాటకు కోత లేదని కూడా రాయాలి. తర్వాతది దిద్దే వరుస. ఒక్కొక్కరి పేపరు మొదటి నుంచి చివరిదాకా దిద్దకుండా, నలభై మందివీ మొదటి ప్రశ్న పూర్తి చేశాకే రెండో ప్రశ్నకు వెళ్ళాలి. మొదటి జవాబు మీద కలిగిన మురిపెం రెండోదానికి అంటుకుంటుంది. దస్తూరి ముత్యాల్లా ఉన్న పిల్లకు తెలియకుండానే అర మార్కు ఎక్కువ పడుతుంది.

నన్ను ఎక్కువగా బాధించేది భాగస్వామ్యానికి వేసే మార్కులు. మనం అలవాటు పడిన నిర్మాణాత్మక పద్ధతిలో 50కి లఘు పరీక్షకు 20 పోగా, రాత పనికి, ప్రాజెక్టుకు, భాగస్వామ్యం–ప్రతిస్పందనలకు పదేసి ఉండేవి కదా. భాగస్వామ్యం మార్కులు చెయ్యెత్తే పిల్లలకే పడతాయి. ఇంట్లో తమిళం మాట్లాడుతూ, తెలుగులో తప్పు దొర్లుతుందని పెదవి విప్పని పిల్లకు ఎన్ని వేయాలి? ఆ పిల్లే పక్క పిల్లకు గుసగుసగా పద్యానికి అర్థం చెబుతుంటే విన్నాను. అప్పటి నుంచి ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకుని, రోజుకు ఐదుగురిని గమనించి ఒక్కో వాక్యం రాస్తున్నాను. ఎనిమిది రోజుల్లో తరగతి అంతా ఒక చుట్టు వస్తుంది. పరి, ఈక్ష.

విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, చిత్తూరు:
అమ్మా, చాలా బాగా రాశారు. కానీ రెండు పనులకు ఒకే మాట చాలదు. పదో తరగతి జవాబు పత్రం కోడు నంబరుతో స్పాట్ కేంద్రానికి (పబ్లిక్ పరీక్షల పేపర్లకు మార్కులు వేసే చోటికి) పోతుంది. ఫీజు కట్టి నకలు తెప్పించుకుంటే తప్ప అది పిల్లవాడి కంట పడదు. దాన్ని దిద్దడం అనలేం, అక్షరాలా వెల కట్టడమే. మూల్యాంకనం మీద రాసిన పండితుడు మైకేల్ స్క్రివెన్ 1967లో ఫార్మేటివ్ (మన నిర్మాణాత్మకం, పని సాగుతుండగా బాగుచేయడానికి చూసేది), సమ్మేటివ్ (సంగ్రహణాత్మకం, చివరన తేల్చేది) అని విడదీసింది ఈ తేడానే. విద్యాహక్కు చట్టం 2009లో 29వ సెక్షన్ కోరిన ‘సమగ్ర, నిరంతర’ పద్ధతికి మీ దిద్దడం అతుకుతుంది. సంవత్సరం చివరి పరీక్షకు అతకదు.

ఇంకొకటి. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ స్కూలు మన జిల్లాలో ఉన్న రోజుల్లో, వాళ్ళ గ్రామీణ విద్యా కేంద్రం నడిపే బడిలో కార్డుల నిచ్చెన చూశాను. నేర్చుకునే కార్డు, సాధన కార్డు, ఆ పైన పరీక్షించే కార్డు. రాకపోతే మళ్ళీ సాధన, వస్తే పై మెట్టు. తాను ఏ మెట్టు మీద ఉన్నాడో పిల్లవాడే వెళ్ళి గోడ మీద చూసుకుంటాడు. తరగతి అంతటికీ ఒకే రోజున పరీక్ష లేదు. దిద్దడం అంటే నాకు అది గుర్తొస్తుంది.

తిరుపతి తెలుగు టీచరు:
మాస్టారూ, ఒప్పుకుంటున్నాను. సంగ్రహణాత్మకానికి ‘మూల్యాంకనం’ ఉండనిద్దాం. నా పేజీకి ‘తరగతి గదిలో దిద్దుబాటు’ అని శీర్షిక పెట్టాను. మీ కార్డుల సంగతి చదివి ఒక నియమం చేర్చాను: దిద్ది ఇచ్చిన పుస్తకం వారంలోగా మళ్ళీ నా బల్ల మీదకు రావాలి, పిల్లలు సరిచేసుకున్న జవాబుకు పడే మార్కే రిజిస్టరులోకి ఎక్కుతుంది. మొదటిసారే సరిగా రాసిన పిల్లకు ఇది అన్యాయం కాదా అని సమావేశంలో తప్పకుండా అడుగుతారు. ఆ పిల్ల మార్కు తగ్గదు, పక్క పిల్లది పెరుగుతుంది, ఇందులో ఎవరి సొమ్మూ పోలేదు అని చెప్పదలిచాను. ఇంతకంటే గట్టి జవాబు ఉంటే ఎవరైనా రాయండి.

పేజీ వెనక వైపు, ఎర్ర సున్నా చుట్టకూడని మా ప్రాంతపు మాటలు రాస్తున్నాను. ఎనుము, చెనక్కాయలు, సంగటి, చేపడం దాకా వచ్చాను. పలమనేరు, సత్యవేడు, పుత్తూరు వైపు వాళ్ళు మీ ఇళ్ళలోని మాటలు ఆదివారంలోగా ఇక్కడ చేర్చండి.