కీటకముఁ దెచ్చి భ్రమరము: చివర భయమా, భ్రమా?

కృష్ణలంక కుర్రాడు: నిన్న మా మేడ మీద నల్లటి కందిరీగ ఒకటి తనకంటే పెద్ద సాలెపురుగును కాలు పట్టుకుని, వెనక్కి నడుస్తూ ఈడ్చుకుపోతోంది. మధ్యలో వదిలేసి, రెక్కలు టపటపలాడిస్తూ పూలకుండీ కింద సందు చూసొచ్చి మళ్లీ పట్టుకుంటోంది. భ్రమరం తెచ్చిన పురుగు, అది చుట్టూ తిరుగుతుంటే భ్రాంతి చెంది చివరికి భ్రమర రూపమే పొందుతుందనే పోతన భాగవతం కందం గుర్తొచ్చింది. ‘బాటించి వహించుఁ గాదె భ్రమయోగమునన్’. చివర భ్రమయోగమేనా?

బ్రాడీపేట మాస్టారు: భయయోగము. సప్తమ స్కంధం, ధర్మరాజుకు నారదుడి జవాబు. ఆ వెనకే ‘భయమునం గంసుండు’ వస్తాడుగా.

అరండల్‌పేట అక్కయ్య: భ్రమ అన్నా గణం చెడదు, యతీ చెడదు మాస్టారూ. పైన ‘బంభ్రమింప భ్రాంతంబై’ అన్నాక కింద భ్రమ వస్తేనే అందం. మా నాన్నగారు అలాగే చదివేవారు.

బ్రాడీపేట మాస్టారు: అందం కోసం పాఠం మారుస్తామా అమ్మా! మూలంలో, అంటే సంస్కృత భాగవతంలో, ‘సంరంభభయయోగేన’ అని ఉంటే.

రిటైర్డ్ జువాలజీ: భయమూ కాదు, భ్రమా కాదు, విషం. కుట్టగానే సాలీడు చావదు, చచ్చుబడిపోతుంది. చస్తే కుళ్లిపోతుంది కదా, అందుకని. కుర్రాడు చూసింది సాలీళ్లను వేటాడే పాంపిలిడే కుటుంబం కందిరీగ. గూటిలో గదికి ఒక్క సాలీడు, దాని పొట్ట మీద ఒక్క గుడ్డు. పిల్ల దాన్ని తిని పెరిగి కందిరీగై బయటికొస్తుంది. పురుగు లోపలికి పోయింది, కందిరీగ బయటికొచ్చింది, ఇంకేం, ‘మారిపోయింది’ అనేశారు.

కృష్ణలంక కుర్రాడు: సాలీడుకు ఎనిమిది కాళ్లు. కీటకం ఎలా అవుతుంది సార్?

బ్రాడీపేట మాస్టారు: సాలె‘పురుగు’ అని నువ్వే రాశావు కదా నాయనా. పోతనగారికి మాత్రం ఆ వెసులుబాటు లేదా?

రిటైర్డ్ జువాలజీ: గొంగళిపురుగైనా కావచ్చు. మట్టితో చిన్న కుండలాంటి గూడు కట్టే యుమెనిస్ అనే కందిరీగ వాటినే కుక్కుతుంది. పసుపు కాళ్లు, దారంలాంటి నడుము ఉండి గోడలకు మట్టి గూళ్లు కట్టేది స్కెలిఫ్రాన్ మద్రాస్‌పటానమ్. అది గదికి బోలెడు చిన్న సాలీళ్లను పెడుతుంది.

అరండల్‌పేట అక్కయ్య: గోడ అంటే గుర్తొచ్చింది. మూలంలో ‘కుడ్యాయాం’, అంటే గోడలో అని ఉంది, పోతన వదిలేశాడు. అక్కడ పురుగును పట్టేదాని పేరు పేశస్కృత్, అంటే రూపం చేసేది. అది బహుశా ఈ మట్టి గూటిదే. పోతన దాన్ని భ్రమరం చేసి తుమ్మెదలో కలిపేశాడు.

బ్రాడీపేట మాస్టారు: కలపలేదు. అదే స్కంధంలో ప్రహ్లాదుడి నోట ‘మందార మకరంద మాధుర్యమునఁ దేలు మధుపంబు వోవునే’ అన్నాడు చూడండి. తేనె తాగేది మధుపం, తిరిగేది భ్రమరం. అసలు ఆ సీసం ఒక్కటి చాలు, ఆ నడక తెలుగులో ఇంకెవరికి పట్టుబడింది చెప్పండి!

రిటైర్డ్ జువాలజీ: పెద్దయ్యాక కందిరీగ తాగేదీ తేనే మాస్టారూ. వేట పిల్లల కోసం. వేటాడేది కూడా ఆడవే.

అరండల్‌పేట అక్కయ్య: ఎర్రమట్టి గూడు కడితే ఇంట్లో ఆడపిల్ల, నల్లమట్టిదైతే మగపిల్లాడు అనేది మా అమ్మమ్మ. గుంటూరు చుట్టూ నల్లరేగడేగా, ఆ లెక్కన ఇక్కడ ఆడపిల్ల పుట్టకూడదు.

కృష్ణలంక కుర్రాడు: ఇంతకీ భయయోగమని రాసుకోనా?

బ్రాడీపేట మాస్టారు: రాసుకో.

అరండల్‌పేట అక్కయ్య: అప్పుడే వద్దు బాబూ. నాన్నగారి పాత ప్రతి తెనాలిలో తమ్ముడి దగ్గర ఉంది. పేజీ ఫొటో తెప్పిస్తాను.

బ్రాడీపేట మాస్టారు: తెప్పించండి. దాంతోపాటు అచ్చుతప్పుల పట్టిక కూడా.