పలాస జీడిపప్పు పని: చేతులను కాపాడుకోవడం ఎలా?

ప్రశ్న: మా అమ్మ పలాసలో ఒక జీడిపప్పు కర్మాగారంలో పిక్కలు కొట్టే పని చేస్తున్నారు. తొక్కలోని నూనె తగిలి వేళ్లు నల్లబడి, చర్మం ఊడిపోతోంది. తొడుగులు వేసుకుంటే పని మందగించి కూలి తగ్గుతుందని ఆమె వెనుకాడుతున్నారు. ఏం చేయవచ్చు?

సమాధానం 1: ఆ నూనెలోని అనకార్డిక్ ఆమ్లం, కార్డోల్ అనే రసాయనాలు చర్మాన్ని కాలుస్తాయి. పనికి ముందు చేతులకు నూనె రాసుకోవడం, బూడిద అద్దుకోవడం కొంత ఉపయోగపడినా, అవి తొడుగులకు సాటి రావు. మందపాటి రబ్బరు తొడుగులకు బదులు వేళ్లకు బిగుతుగా పట్టే పలుచని నైట్రైల్ (ఒక రకం కృత్రిమ రబ్బరు) తొడుగులు తీసుకుంటే పిక్క చేతిలోంచి జారదు. అయితే చిరిగిన తొడుగును వెంటనే మార్చాలి, ఎందుకంటే లోపలికి చేరిన నూనె అక్కడే నిలిచి మరింత హాని చేస్తుంది. ఒట్టి నీళ్లతో ఆ నూనె పోదు, సబ్బు తప్పనిసరి.

సమాధానం 2: తొడుగుల ఖర్చు యజమానే భరించాలి, ఇందులో మొహమాటం అనవసరం. మరొక విషయం, ఆ తొక్కలను ఇంటి పొయ్యిలో వంటచెరకుగా వాడకండి. వాటి పొగ కళ్లను, గొంతును మండిస్తుంది.

ప్రశ్నించినవారు: మా ఇంట్లో తొక్కలే వాడుతున్నాము. ఈ రోజే ఆపిస్తాను.

సమాధానం 1: పుండ్లు మానకపోతే చర్మవైద్యులకు చూపించి, ఆమె చేసే పని ఏమిటో తప్పక చెప్పండి.