ఎంఎంటీఎస్‌లోకి వీల్‌చైర్ నేరుగా ఎక్కాలంటే ప్లాట్‌ఫారం పెంచితే చాలా?

చందానగర్_వాసి:
2003 ఆగస్టులో మొదలైన మన హైదరాబాద్ లోకల్ రైలు ఎంఎంటీఎస్ 2023 ఏప్రిల్ నుంచి మేడ్చల్, ఉందానగర్ వైపు కూడా నడుస్తోంది. బొల్లారం నుంచి మేడ్చల్ దాకా కరెంటు తీగలు రెండో దశలోనే పడ్డాయి. కానీ లిఫ్టు, ర్యాంపు ఉన్న స్టేషన్లో కూడా వీల్‌చైర్ ప్లాట్‌ఫారం దాకా వెళ్లి, పెట్టె గుమ్మం ముందు ఆగిపోతుంది. కాలనీ సంఘాల తరఫున వినతిపత్రం రాస్తున్నాం. ప్లాట్‌ఫారాల ఎత్తు పెంచమని అడగాలా, కొత్త రైళ్లే వేరే రకంవి కావాలని అడగాలా? తెలిసినవాళ్లు లెక్కలతో చెప్పండి.

పట్టాల_లెక్క:
ముందు లెక్క చూడండి. మన దగ్గర హైలెవల్ ప్లాట్‌ఫారం పట్టాల మట్టం నుంచి 760–840 మి.మీ. ఉంటుంది. ఈఎంయూ (ఎంఎంటీఎస్‌కు వాడే కరెంటు లోకల్ రైలు) పెట్టె నేల సుమారు 1200 మి.మీ. ప్లాట్‌ఫారం పూర్తి 840 ఉన్నా తేడా 360. ముంబయి సబర్బన్‌లో చేసినట్టు 920కి పెంచితే 280 మిగులుతుంది. నడవగలిగేవాళ్లకు అది పెద్ద ఊరటే, రైలుకూ ప్లాట్‌ఫారానికీ మధ్య జారిపడే ప్రమాదం తగ్గుతుంది. వీల్‌చైర్‌కు మాత్రం 1:12 వాలు, అంటే ఎత్తుకు పన్నెండు రెట్ల పొడవు కావాలి. 280 మి.మీ. ఎక్కడానికి 3.36 మీటర్ల పలక. నిమిషం కూడా ఆగని రైలుకు దాన్ని వేసి తీయడం కుదరదు.

మరి 1200 దాకా లేపేస్తే? అదీ కుదరదు. ప్లాట్‌ఫారం అంచు, అంటే కోపింగ్, ట్రాక్ మధ్యగీత నుంచి 1670–1680 మి.మీ. దూరంలో ఉంటుంది. ఈఎంయూ పెట్టె వెడల్పు 3660, సగం 1830. అంటే పెట్టె అంచు మీదుగా 150 మి.మీ. పైనే ముందుకు వచ్చి ఉంది. ప్లాట్‌ఫారం ఇంకా లేపితే పెట్టె పక్కగోడ దానికి తగులుతుంది. అంచును వెనక్కి జరపాలి. జరిపితే అదే లైన్లో వచ్చే సన్నటి ఎక్స్‌ప్రెస్ పెట్టెలకు సందు పెరిగిపోతుంది. వంపులో ఉన్న స్టేషన్లలో మరీ కష్టం.

రేక్_రవి:
పైన చెప్పింది నిజం. అందుకే అడగాల్సింది రైలులో మార్పు. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ చూడండి. 2014 ఏప్రిల్లో 25 కిలోవోల్టుల కొత్త విద్యుత్ రైళ్లు మొదలుపెట్టారు. కాఫ్ కంపెనీ చేసిన మూడు పెట్టెల సెట్లు, మొదటి ఆర్డరు 57. మధ్య పెట్టె నేలను కిందికి దించి ప్లాట్‌ఫారం మట్టానికి తెచ్చారు, తలుపు దగ్గర చిన్న పలక దానంతట అదే బయటికి వస్తుంది. మోటార్లు చివరి పెట్టెల కింద ఉన్నాయి కాబట్టి మధ్యది దించడం వీలైంది. మన రేక్‌లోనూ (ఒక రైలు పెట్టెల వరుసలోనూ) మోటార్ లేని ట్రైలర్ పెట్టెలు ఉంటాయి, కాబట్టి వాదన అక్కడే నిలబెట్టండి: రేక్‌కు కనీసం ఒక ట్రైలర్ పెట్టె రెండు చక్రాల చట్రాల మధ్య నేల దించి కావాలి, తలుపు 900 మి.మీ. ఖాళీ, లోపల వీల్‌చైర్ తిరిగే చోటు.

దీనికీ ఓ ఖర్చుంది. పలక బయటికి వచ్చాకే తలుపు తెరుచుకోవాలి, తలుపు మూశాకే పలక లోపలికి పోవాలి. ప్రతి స్టేషన్లో కొన్ని సెకన్లు పోతాయి, టైంటేబుల్లో ముందే పెట్టుకోకపోతే సాయంత్రానికి ఆలస్యాలు పేరుకుంటాయి. ఇంకోటి, కొత్త చక్రం వ్యాసం 952 మి.మీ., అరిగి, మళ్లీ చెక్కిన కొద్దీ వ్యాసం తగ్గినదాంట్లో సగం మేర నేల కిందికి దిగుతుంది. జనం ఎక్కినప్పుడు స్ప్రింగు నొక్కుకుంటుంది. ఎయిర్ స్ప్రింగ్ (గాలి నింపిన స్ప్రింగు), బరువును బట్టి అందులో గాలిని సరిచేసే లెవలింగ్ వాల్వ్ ఉంటే ఆ రెండోదాన్ని సరిచేస్తుంది, చక్రం అరుగుదలకు మాత్రం ఎత్తు సరిచేసే పలుచటి షిమ్ పలకలు వేయాల్సిందే. టెండర్లో ఈ మాట లేకపోతే మొదటి ఏడాది కలిసిన మట్టం నాలుగో ఏడాదికి కలవదు.

చందానగర్_వాసి:
రవి అన్నా, చాలా ఉపయోగం. కొత్తగా కరెంటు తీగలు వేసే లైన్లలో ముందే చూసుకోవాల్సింది ఏమైనా ఉందా?

ఓహెచ్ఈ_మేస్త్రి:
ఉంది, అది అందరూ మరిచేదే. ప్లాట్‌ఫారం మీద మాస్ట్, అంటే తీగలు మోసే స్తంభం, మామూలుగా ట్రాక్ మధ్య నుంచి 4.75 మీటర్ల దూరంలో పెడతారు. సరిగ్గా ర్యాంపు దిగే చోట, లిఫ్టు గుమ్మం ముందు ఆ స్తంభం వస్తే వీల్‌చైర్ దారి మూసుకుపోతుంది. తర్వాత జరపాలంటే కొత్త పునాది, కాంక్రీటు గట్టిపడే రోజులు, తీగను పట్టుకునే బ్రాకెట్ మార్చడానికి మళ్లీ మళ్లీ పవర్ బ్లాకులు (తీగల్లో కరెంటు ఆపే సమయాలు). డ్రాయింగ్ దశలో అయితే పైసా ఖర్చు లేదు. స్పాన్‌లు, అంటే స్తంభాల మధ్య దూరాలు, 4.5 మీటర్ల మెట్లలో ఉంటాయి, గరిష్ఠం 72 మీటర్లు. 72 బదులు 67.5 వేస్తే స్తంభం దారిలోంచి తప్పుకుంటుంది. పక్కపక్క స్పాన్‌ల మధ్య తేడా 18 మీటర్లు దాటకపోతే చాలు. కాబట్టి ర్యాంపు, లిఫ్టు గీత ఖరారయ్యాకే మాస్టుల చోట్లు ఖరారు చేయాలని రాయండి.

తీగలు ఉన్న లైన్లో పనైతే, 25 కిలోవోల్టుల భాగానికి 2 మీటర్ల లోపలికి మనిషి గానీ పనిముట్టు గానీ వెళ్లాలంటే పవర్ బ్లాక్, రెండు వైపులా ఎర్త్ రాడ్లు తప్పనిసరి. కొత్త స్టీలు రెయిలింగులు, షెల్టర్ స్తంభాలు అన్నిటికీ ఎర్తింగ్ చేయాలి. చేయకపోతే పైన తీగ ప్రభావంతో వాటిలో వోల్టేజి పుడుతుంది, పట్టుకున్నవాళ్లకు చురుక్కుమంటుంది. రెయిలింగు పట్టుకుని నడిచేవాళ్ల కోసమే కదా అది పెట్టేది.

పట్టాల_లెక్క:
ఒకటి చేర్చాలి. ట్యాంపింగ్ (పట్టాల కింద కంకరను కూరి గట్టిపరచడం) చేసిన ప్రతిసారీ ట్రాక్ కొంచెం లేస్తుంది. ఏళ్లు గడిచాక కాగితం మీద 840 ఉన్న ప్లాట్‌ఫారం అసలు కొలతకు 780 తేలొచ్చు. అంతే మేర తీగ కూడా పట్టాలకు దగ్గరవుతుంది. అందుకని ఎత్తు పెంచే ముందు డీప్ స్క్రీనింగ్, అంటే కంకరను లోతుగా తవ్వి జల్లెడపట్టి, పట్టాలను అసలు మట్టానికి దించమని అడగండి. లేకపోతే సిమెంటు ఖర్చు రెండేళ్లలో కంకర మింగేస్తుంది.

వినతిపత్రానికి కొలతలు జతచేయండి, కానీ పట్టాల దగ్గరికి ఎవరూ దిగొద్దు. స్టేషన్ మేనేజర్‌కు రాసి సెక్షన్ ఇంజినీర్ సమక్షంలో ఉమ్మడి కొలత అడగండి. ప్రతి ప్లాట్‌ఫారానికి రెండు చివర్లు, మధ్య, వంపు ఉంటే అక్కడ అదనంగా. ప్రతిచోటా రెండు అంకెలు: పట్టాల మట్టం నుంచి ఎత్తు, ట్రాక్ మధ్య నుంచి అంచు దూరం. దానితోపాటు ఆగి ఉన్న రేక్‌లో, ఖాళీగా ఒకసారి, రద్దీలో ఒకసారి, గుమ్మం నేల ఎత్తు రాయించండి. ఆ పట్టిక ఉంటే దించిన పెట్టె నేల ఏ ఎత్తులో ఉండాలో అదే చెబుతుంది.