డ్యూటీలు కలవని దోస్తులు నవ్వుకునేందుకు టైం ఎట్ల తీసుకుంటున్నరు?

అన్నలూ, అక్కలూ, ఒక సలహా కావాలె. మేం నలుగురం చిన్నప్పటి దోస్తులం, అందరం నలభైకి దగ్గరున్నం. నాది నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర మెడికల్ షాపు, పొద్దున 8 నుంచి రాత్రి 10 దాకా. ఆదివారం మధ్యాహ్నం 2 నుంచి 5 వరకే ఖాళీ. ఒకడు ఆర్టీసీ కండక్టర్, వాని వీక్లీ ఆఫ్ ఎప్పుడుంటదో ముందుగాల తెల్వదు. ఇంకొకడు మిర్యాలగూడ రైస్ మిల్లుల, వడ్ల సీజన్ వస్తె అస్సలు దొరకడు. నాలుగోవాడు దేవరకొండల సారు.

ఆదివారం పానగల్ ఉదయసముద్రం కట్ట మీద కలుద్దామనుకుంటె ఎవరో ఒకరు తక్కువైతరు. రాత్రి 10:30కి వీడియో కాల్ పెట్టినం, పిల్లలు పండుకుంటరని గుసగుసగ మాట్లాడాల్సొచ్చె. గట్టిగ నవ్వలేని ముచ్చట్లు ఎక్కువ రోజులు నడవవు, అదీ బందైంది. షాపుల క్యారమ్ బోర్డు పెడితె ఆట మధ్యలనే గిరాకీ. సాగర్ ట్రిప్పు గేట్లు ఎత్తినప్పుడల్లా అనుకునుడు, వాయిదా ఏసుడు.

పైసలు సమస్య కాదు, ఇండ్లల్ల కూడ ఎవరూ అడ్డు చెప్పరు. వాళ్లతోని కడుపుబ్బ నవ్వుకుంటె వారమంతా పానం తేలికగ ఉంటది, అది పోగొట్టుకోవద్దని ఉంది.

షిఫ్టు డ్యూటీలున్న దోస్తులతోని మీరు ఏ పద్ధతిల కలుస్తె విడువకుంట నడిచింది?