మధ్యయుగపు ఇళ్ల కింద కంచు గొడ్డళ్ల గుట్ట దొరికితే ఏది ముందుదో ఎలా తేల్చాలి?

ప్రశ్న: అందరికీ నమస్తే అండి. పురావస్తు తవ్వకాలు నేర్పే ట్రైనింగ్ డిగ్‌లో ఉన్నాను. పైన మధ్యయుగపు ఊరి రాతి పునాదులు, దాని కింద ఒక గుంటలో కంచు గొడ్డళ్లు, విరిగిన కత్తి ముక్కలు. గుంట మట్టిలో ఒక మధ్యయుగపు కుండపెంకు కూడా వచ్చింది, అంటే ఆ ఊరివాళ్లే పాత కంచు ఏరుకొచ్చి పూడ్చారా?

జవాబు: ముందు ఒక్క గొడ్డలి కూడా లాగకండి ప్లీజ్. కంచు ఎప్పుడు పోతపోశారో దాని ఆకారం చెప్తుంది గానీ ఎప్పుడు పూడ్చారో గుంటే చెప్పాలి. గుంట ఏ పొర నుంచి మొదలైందో సెక్షన్‌లో, అంటే మట్టి పొరలు కనిపించే నిలువు కోతలో చూడండి, ఇంటి నేల గుంట నోటి మీదుగా తెగకుండా పోతే గుంట పాతది, నేలను కోసుకుంటూ దిగితే గుంటే తర్వాతది. ఇక పెంకు సంగతి, అది ఎలక బొరియలోంచో చెట్టు వేరు వెంటో జారి ఉండొచ్చు, అది దొరికిన చోట మట్టి రంగు, మెత్తదనం తేడాగా ఉన్నాయా చూడండి. కదలని మట్టిలో గొడ్డళ్ల కిందే ఉందంటే మాత్రం మీ అనుమానం నిజమే, ఎందుకంటే గుంటలో అన్నిటికంటే కొత్త వస్తువు తయారయ్యాకే పూడ్చడం జరిగుండాలి.

ప్రశ్న: థాంక్స్ అండి. పచ్చ చిలుము కాస్త తుడిచి ఫోటో తీయొచ్చా?

ఇంకొకరి జవాబు: వద్దండి, అసలు వద్దు! గొడ్డలి గూటిలో కర్ర పిడి ముక్క మిగిలి ఉంటే రేడియోకార్బన్‌తో (కర్రలోని కార్బన్‌ను బట్టి వయసు లెక్కకట్టే పరీక్ష) కాలం కట్టొచ్చు, తుడిస్తే అది పోతుంది. ఫోటోలు, కొలతలు ఉన్నవి ఉన్నట్టే తీసుకుని, మట్టితో సహా ముద్దగా ఎత్తి ల్యాబ్‌లో ఎక్స్‌రే తీయించడమే మంచిది. లోహానికి పొడిగా ఉండాలి, కర్రకేమో తడి కావాలి, కాబట్టి ప్యాకింగ్ కన్జర్వేటర్‌ని, అంటే పాత వస్తువులు పాడవకుండా కాపాడే నిపుణుల్ని అడిగే చేయండి.

చుట్టుపక్కల కూడా వెతకండి. లండన్ తూర్పున హేవరింగ్‌లో 2018లో బయటపడ్డ 453 కంచు వస్తువులు, క్రీ.పూ. 900-800 నాటివి, ఒకే కుప్పగా కాదు, దగ్గర దగ్గరగా నాలుగు భాగాలుగా పెట్టి ఉన్నాయి, చాలావరకు విరిగినవే.

ఇంకోటి, కంచు దొరికిందని ఊరిని తొందరగా తవ్వేసి పక్కన పడేయకండి, నాకు అదే భయం. ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో వారమ్ పెర్సీ అనే వదిలేసిన ఊళ్లో 1950 నుంచి 1990 దాకా తవ్వకాలు జరిగాయి, ఆ ఇళ్ల కథ అంత ఓపికగా తవ్వితేనే బయటికొచ్చింది. మీ పునాదుల ప్లాన్ పూర్తిగా గీశాకే గుంట ముట్టుకోండి.