ధ్యానం మొదలుపెట్టాలంటే క్లాసుకు వెళ్లాల్సిందేనా?

నీలిమ:
మా కమ్యూనిటీ హాల్లో వారానికోసారి ధ్యానం క్లాసు పెడుతున్నారు. నేనిదివరకు ఎప్పుడూ కూర్చోలేదు. వెళ్దామని ఉంది కానీ, పదిమందిలో కళ్లు మూసుకోవాలంటే బెరుకు. మా అన్నయ్యేమో "ఊపిరి గమనించడానికి క్లాసెందుకు? యాప్ పెట్టుకుని ఇంట్లోనే కూర్చో" అంటున్నాడు. మీరేమంటారు?

వేణు:
మీ అన్నయ్య మాటే రైటు. క్లాసులో ఆ గంట బాగానే గడుస్తుంది. అక్కడ ఫోన్ మోగదు, ఎవరూ పిలవరు, ఎదురుగా ఒకరు మెల్లగా చెబుతుంటారు. ఇంటికొచ్చాక అవేవీ ఉండవు కదా! మిగతా ఆరు రోజులూ చాప పరవనివాళ్లే ఎక్కువ. మన ఇంట్లో, మన గోల మధ్య కుదిరితేనే అది మనది. రోజూ పొద్దున పది నిమిషాలు కూర్చోండి, చాలు.

శారద:
వేణు గారూ, రోజూ కూర్చోవాలన్నది నిజమే. కానీ కొత్తవాళ్లు చాలామంది మానేసేది బద్ధకంతో కాదు. "మనసు నిలవట్లేదు, ఇది నావల్ల కాదు" అనుకుని మానేస్తారు. మనసు తిరగడం ఎవరికైనా మామూలే. 2010లో హార్వర్డ్ పరిశోధకులు 2,250 మందిని వేర్వేరు వేళల్లో ఫోన్ ద్వారా అడిగి చూస్తే, దాదాపు 47 శాతం సార్లు వాళ్ల ధ్యాస చేస్తున్న పని మీద లేదు. మరి కళ్లు మూసుకోగానే అది ఆగిపోతుందా? ధ్యాస జారిందని గమనించి మళ్లీ ఊపిరి మీదకు తెచ్చుకోవడమే సాధన. ఈ మాట యాప్ కూడా చెబుతుంది. కానీ పక్కనున్న పెద్దాయన "కూర్చున్నంతసేపూ కరెంటు బిల్లే గుర్తొచ్చిందండీ" అని అందరి ముందూ అంటే, టీచరు "గుర్తొచ్చిందని మీకు తెలిసింది కదా, అదే కావాలి" అంటే, అప్పుడు ఎక్కినట్టు మరెలాగూ ఎక్కదు.

ఇంకొకటి, ఒళ్లు. మఠం వేసుకున్న కాసేపటికే కాలు తిమ్మిరెక్కుతుంది, నడుం వంగిపోతుంది. మోకాళ్లు తుంటికంటే ఎత్తులో ఉంటే చాలామందికి ఇంతే. చూసే మనిషి ఉంటే కింద మడిచిన దుప్పటి పెట్టిస్తారు. అదీ కుదరకపోతే కుర్చీ వేసి, పాదాలు నేలకు ఆనేలా కూర్చోబెడతారు. మీ నడుం ఎలా ఉందో ఫోనుకేం తెలుస్తుంది?

అసలు క్లాసా, ఇల్లా అని విడగొట్టడమే నాకు నచ్చలేదు. జాన్ కబాట్-జిన్ 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రంలో మొదలుపెట్టిన ధ్యాన శిక్షణనే చూడండి. ఎనిమిది వారాలు, వారానికోసారి సుమారు రెండున్నర గంటల క్లాసు, ఇంటి దగ్గర దాదాపు రోజూ ముప్పావు గంట సాధన. ఇంట్లో ఏం జరిగిందో వచ్చి చెప్పుకోవడం కూడా ఆ క్లాసులో భాగమే.

రాఘవ:
శారద గారితో చాలావరకు ఏకీభవిస్తాను. కానీ ఏ క్లాసైనా పర్వాలేదని అనలేం. బాధాకరమైన అనుభవాలున్న కొందరికి కళ్లు మూసుకుని ఊపిరి మీద దృష్టి పెట్టగానే గుండె దడ పెరుగుతుంది. అలాంటప్పుడు కళ్లు తెరిచి నేలవైపు చూడమనాలి, లేదా లేచి నడవమనాలి. "లోపలి చెత్త బయటికి పోతోంది, భరించు" అనే చోట ఉండకండి.

మందులు మానేయమన్నా అంతే. ధ్యానం మీద జరిగిన 47 ప్రయోగాలను కలిపి పరిశీలించిన 2014 నాటి సమీక్షలో ఆందోళన, డిప్రెషన్, నొప్పి కొంత తగ్గుతాయని తేలింది. వ్యాయామం కన్నా, మందుల కన్నా మెరుగని మాత్రం తేలలేదు.

నీలిమ:
థాంక్సండీ. మరి నా బెరుకు సంగతి?

శారద:
గోడ పక్కన, వెనక వరసలో కూర్చోండమ్మా. కళ్లు సగం తెరిచి ఉంచినా తప్పులేదు. చేరేముందు టీచర్ని రెండు విషయాలు అడగండి: చివర్లో మాట్లాడుకోవడానికి టైమిస్తారా, ఇబ్బందైతే మధ్యలో లేవొచ్చా అని. ముఖం చిట్లిస్తే మీ అన్నయ్య మాటే వినండి.

వేణు:
ప్రశ్నలు అడగనిచ్చే క్లాసైతే నాకూ అభ్యంతరం లేదు. కానీ వెళ్లిన మొదటి రోజు నుంచే, ఎవరి గొంతూ వినకుండా, యాప్ కూడా లేకుండా, ఇంట్లో ఐదు నిమిషాలైనా కూర్చోండి. క్లాసు అయిపోయాక చూద్దాం అనుకుంటే ఆ రోజు రాదు. ఈ విషయంలో నా మాట మార్చుకోను.