స్ఫూర్తి సినిమాలు, పుస్తకాలు టీచర్లకు బలమా, బరువా?

కామారెడ్డి ఎస్‌జీటీ:
అందరికీ నమస్కారం. నేను ప్రాథమిక బడి టీచర్‌ని (ఎస్‌జీటీ). మొన్న చుట్టుపక్కల బడుల టీచర్లం కలిసే మా కాంప్లెక్స్ మీటింగ్‌లో మధ్యాహ్నం సెషన్ మొత్తం టీచర్ల మీద వచ్చిన సినిమాల్లోంచి సీన్లు వేసి చూపించారు. చూస్తున్నంతసేపూ బాగానే ఉంది, ఒకరిద్దరు కళ్లు తుడుచుకున్నారు కూడా. తర్వాత మాట్లాడినాయన "ఆయన ఒక్కడే ఊరిని మార్చాడు, మీరెందుకు మార్చలేకపోతున్నారు" అని అడిగారు. అక్కడ నాకు మండింది.

మా బడిలో అయిదు తరగతులు, ఇద్దరం టీచర్లం. ఇది మా ఒక్క బడి సంగతి కాదు, విద్యాహక్కు చట్టం లెక్క ప్రకారమే ప్రాథమిక బడిలో 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లే. ఒకరు సెలవు పెడితే ఆ రోజు ఒకటో తరగతి అక్షరాలూ అయిదో తరగతి భిన్నాలూ ఒకే గదిలో, మధ్యలో భోజనం లెక్కలు, యాప్‌లో ఫొటోలు. 'సార్' (2023) చూడండి, పల్లెటూరి కాలేజీకి వెళ్లిన లెక్కల లెక్చరర్ ఒక్కడే అందరితో పోరాడి పిల్లల్ని గట్టెక్కిస్తాడు. సినిమాగా నాకు నచ్చింది. కానీ అలాంటి దాన్ని ట్రైనింగ్‌లోకి తెస్తే పోస్టులు ఖాళీగా ఉన్న మాట పక్కకు పోయి, లోపమంతా టీచర్ మనసులోనే ఉందన్నట్టు అవుతుంది. ఇవి మనకు నిజంగా పనికొస్తున్నాయా, లేక మన నోరు మూయించడానికి వాడుతున్నారా? సూటిగా చెప్పండి.

గుంటూరు తెలుగు మేడం:
అన్నయ్యా, మీ కోపం ఆ మాట అన్నాయన మీద ఉండాలి, సినిమాల మీద కాదు.

నా ఏడో తరగతిలో ఒక పిల్లాడు ఉండేవాడు. పాఠం చదివి వినిపిస్తే ఏ ప్రశ్నకైనా టకటకా జవాబు చెప్పేవాడు, రాయమంటే మాత్రం 'మ'కీ 'వ'కీ తేడా ఉండదు, ఒత్తులు ఎగిరిపోతాయి, బోర్డు మీది రెండు వాక్యాలు ఎక్కించుకునేసరికి పీరియడ్ అయిపోతుంది. స్టాఫ్ రూంలో అందరూ వాడికి బద్ధకం అనేవాళ్లు. 'తారే జమీన్ పర్' (2007) టీవీలో వచ్చినప్పుడు ఆ అబ్బాయి నోట్సు పేజీ తెర మీద కనపడగానే మా వాడి నోట్సు గుర్తొచ్చింది. డిస్లెక్సియా, అంటే తెలివి ఉన్నా చదవడం రాయడం కష్టమయ్యే ఇబ్బంది, దాని గురించి బీఎడ్‌లో చదవలేదా అంటే చదివాను, రెండు మార్కుల ప్రశ్నగా. అది క్లాసులో కూర్చుంటే ఎలా ఉంటుందో చూపించింది సినిమానే. మర్నాటి నుంచి వాడికి స్లిప్ టెస్టు నోటితో పెట్టడం మొదలుపెట్టాను, ఇంట్లో వాళ్లని పిలిచి కొట్టొద్దని చెప్పాను. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టంలో ఇలాంటి అభ్యసన వైకల్యాలను కూడా చేర్చారు, కానీ చట్టంలో ఉందని తెలిస్తే సరిపోదు కదా, ఫలానా పిల్లాడిది అదేమో అని టీచర్‌కి అనుమానం రావాలి. నాకు ఆ అనుమానం రప్పించిన సినిమాని బరువు అనలేను.

వైజాగ్ ఫిజిక్స్:
మేడం, మీరు చేసింది చాలా మంచి పని. కానీ అదే సినిమాలో చివరికి ఆ బాబు డ్రాయింగ్ పోటీలో ఫస్ట్ రావాల్సి వచ్చింది. బొమ్మలు కూడా సరిగ్గా వేయలేని పిల్లాడైతే? నా క్లాసులో దాచిపెట్టిన ఏ టాలెంటూ లేని పిల్లలు చాలామంది ఉన్నారు, వాళ్లకీ చదువు రావాలి. 'ప్రతి పిల్లాడిలో ఒక మేధావి ఉంటాడు' అని చెప్పే కథలు ఆ పిల్లల గురించి మాట్లాడవు.

అనంతపురం లెక్కల టీచర్:
ఇక్కడ ఒక అసలు కేసు చెప్పాలి, నేను దీని గురించి చాలా చదివాను కాబట్టి కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

అమెరికాలో లాస్ ఏంజెలెస్ తూర్పు వైపు గార్‌ఫీల్డ్ హైస్కూల్ అని ఉంది. ఎక్కువమంది మెక్సికన్ మూలాలున్న పేద పిల్లలు. బొలీవియా నుంచి వచ్చిన హైమే ఎస్కలాంటే అనే లెక్కల మాస్టారు అక్కడ 1974లో చేరాడు. 1982లో ఆయన పిల్లలు 18 మంది కాలేజీ స్థాయి కాలిక్యులస్ పరీక్ష పాసయ్యారు. కాపీ కొట్టారేమో అని పరీక్ష సంస్థ 14 మందిని అనుమానించింది, 12 మంది మళ్లీ రాశారు, మళ్లీ పాసయ్యారు. దీని మీద 1988లో 'స్టాండ్ అండ్ డెలివర్' సినిమా వచ్చింది. టీచర్ ట్రైనింగుల్లో ప్రపంచమంతా చూపించే సినిమాల్లో అదొకటి.

సినిమా చూస్తే ఏమనిపిస్తుందంటే, భిన్నాలు కూడా రాని పిల్లలు ఒక మాస్టారి పట్టుదల వల్ల ఏడాది రెండేళ్లలో కాలిక్యులస్‌కి ఎక్కేశారని. అలా జరగలేదు. ఈ మాట ఎస్కలాంటే కూడా తర్వాత చెప్పాడు. ఆయన కాలిక్యులస్ క్లాసు మొదలుపెట్టిందే చేరిన నాలుగేళ్లకి, మొదటి బ్యాచ్‌లో పరీక్ష దాకా నిలబడింది అయిదుగురు, పాసయింది ఇద్దరు. ఆ తర్వాత ఏళ్ల తరబడి కింది క్లాసుల్లో లెక్కల కోర్సులు సరిచేశాడు, పిల్లలు వచ్చే మిడిల్ స్కూళ్లతో మాట్లాడుకున్నాడు, పక్కనున్న కాలేజీలో వేసవి క్లాసులు పెట్టించాడు. హెన్రీ గ్రాడిల్లాస్ అనే ప్రిన్సిపాల్ ఆయన వెనక గోడలా నిలబడ్డాడు. 1987 నాటికి రెండు స్థాయిల కాలిక్యులస్ పరీక్షలూ కలిపి పాసైనవాళ్లు 85 మంది. సినిమాలో కనపడే 1982 కన్నా ఇది ఎంత పెద్ద విజయమో చూడండి, కానీ దీని మీద సినిమా రాలేదు.

ఆ ప్రిన్సిపాల్ వెళ్లిపోయాక పరిస్థితి మారింది. క్లాసులో 50 మందికి పైగా కూర్చుంటున్నారని యూనియన్‌తో గొడవలు, తోటి టీచర్లతో పొసగకపోవడం, ఇవన్నీ కలిసి 1991లో ఎస్కలాంటే ఆ బడి వదిలేశాడు. తర్వాత కొన్నేళ్లలోనే పాసయ్యేవాళ్ల సంఖ్య పడిపోయింది.

కాబట్టి నా వాదన ఇది. స్ఫూర్తి కథ తప్పు కాదు, కథలోంచి పని తీసేసి మనిషిని మాత్రం మిగల్చడం తప్పు. నాలుగేళ్ల ఓపిక, కింది క్లాసుల బాగు, అండగా ఉన్న హెచ్ఎం, వీటన్నిటినీ కోసేసి మిగిలిన ముక్కని మనకి చూపించి "మీరెందుకు చేయరు" అంటున్నారు. కథ మొత్తం చెబితే అదే ప్రశ్న మనం పైవాళ్లని అడగొచ్చు: మాకు గ్రాడిల్లాస్ ఎవరు?

కామారెడ్డి ఎస్‌జీటీ:
సార్, ఈ సంగతి మీటింగ్ ముందే తెలిసి ఉంటే అక్కడే లేచి చెప్పేవాణ్ణి. చివరి ప్రశ్న రాసిపెట్టుకున్నాను.

పాలమూరు తండా బడి:
సినిమాల సంగతి మీరు తేల్చుకోండి, నేను పుస్తకాల తరఫున మాట్లాడతాను. పుస్తకంలో పద్ధతి దొరుకుతుంది, అది దొంగిలించి తెచ్చుకోవచ్చు.

సిల్వియా ఆష్టన్-వార్నర్ అని న్యూజిలాండ్ టీచరమ్మ, మావోరీ పిల్లలకు చదువు చెప్పేది. 1963లో 'టీచర్' అని పుస్తకం రాసింది. బడి పుస్తకంలోని మాటలు ఆ పిల్లలకు పట్టవని, పొద్దున్నే ఒక్కొక్కర్ని దగ్గరికి పిలిచి "నీకు ఏ మాట కావాలి" అని అడిగేది. పిల్లలు చెప్పిన మాటని పెద్ద అక్షరాలతో అట్టముక్క మీద రాసి ఇచ్చేది, ఆ ముక్క ఆ పిల్లదే. భయమో ప్రేమో ఉన్న మాట ఒక్కసారి చూస్తేనే గుర్తుంటుందని ఆమె అనుభవం.

మా పిల్లలు ఇంట్లో మాట్లాడేది లంబాడీ, బడిలో పుస్తకం తెలుగు. అ-అమ్మ, ఆ-ఆవు అని నెలలు గడిచినా కొందరు కదిలేవాళ్లు కాదు. నేను పాత క్యాలెండర్ అట్టలు కోసి అడగడం మొదలుపెట్టిన. ఒకడు పాము అన్నడు, ఒకడు జేసీబీ. ఒక పిల్ల చాలాసేపు ఏమీ అనలే, తర్వాత "బొంబాయి" అన్నది. వాళ్లమ్మానాయన పనికి పోయింది అక్కడికే, పిల్ల నానమ్మ దగ్గరుంటది. గుణింతం రాదు, సున్నా రాదు, మన లెక్క ప్రకారం ఆ మాట చదవడానికి ఇంకా చాలా టైముంది. మర్నాడు అట్టల కుప్పలోంచి తన అట్ట తనే తీసి చదివింది. దాన్ని చూపించే నేను 'బొ' ఎట్ల పలుకుతదో మిగతావాళ్లకు చెప్పిన.

దీనికి బడ్జెట్ లేదు, పర్మిషన్ లేదు, త్యాగం అసలే లేదు. అరవై ఏళ్ల కింద ప్రపంచం ఆ చివర ఒక టీచర్ ఏం చేసిందో వివరంగా రాసిపెట్టింది కాబట్టి నా చేతికొచ్చింది.

నల్గొండ హైస్కూల్ ఎస్ఏ (స్కూల్ అసిస్టెంట్):
తండా బడి అన్నా, చదువుతుంటే గుండె నిండింది. కానీ చిన్న క్లాసు, చిన్న పిల్లలు కాబట్టి కుదిరింది. నాకు తొమ్మిదో తరగతిలో 52 మంది, ఎఫ్ఏ (ఏడాది మధ్యలో పెట్టే చిన్న పరీక్షల) మార్కులు తారీఖు లోపల ఎక్కించాలి, సిలబస్ ఎంతైందో ప్రతి నెలా చెప్పాలి. జపాన్ బడి కథ 'తొత్తోచాన్' ఎవరు చదివినా కదిలిపోతారు, మన దగ్గర 'రైలుబడి' పేరుతో కూడా వచ్చింది. హెడ్‌మాస్టర్ కొబయాషి మొదటి రోజు ఆ చిన్నపిల్ల మాటలు నాలుగు గంటలు విన్నాడు. అయితే ఆ తొమోయె బడి మొత్తంలో పిల్లలు సుమారు 50 మందే! నా ఒక్క సెక్షన్ అంత. నాలుగు గంటలు నేనెక్కడి నుంచి తెచ్చేది?

గుంటూరు తెలుగు మేడం:
నాలుగు గంటలు అక్కర్లేదండి. భోజనం లైన్‌లో నిలబడ్డప్పుడు రోజుకొకరితో మాట్లాడినా ఏడాదిలో సెక్షన్ మొత్తం ఒకటికి రెండుసార్లు వస్తుంది. నేను హాజరు పట్టీ వరసలో పోతాను, లేకపోతే మాటకారి పిల్లలే మళ్లీ మళ్లీ దొరుకుతారు.

అనంతపురం లెక్కల టీచర్:
నల్గొండ సార్ చెప్పింది న్యాయమైన మాట. అందుకే నాకు గిజుభాయి బధేకా 'పగటికల' అన్నిటికంటే ఎక్కువ ఇష్టం. 1930లలో గుజరాతీలో వచ్చిన చిన్న పుస్తకం. లక్ష్మీరాం అనే టీచర్ మామూలు బడిలో, మామూలు నాలుగో తరగతి తీసుకుని ఏడాది ప్రయోగం చేస్తాడు. పాత్ర కల్పితమే, కానీ గిజుభాయి భావ్‌నగర్‌లో ఏళ్ల తరబడి పిల్లలతో పనిచేసిన మనిషి.

మొదటి రోజు ఏమవుతుందో చూడండి. ఇంటి దగ్గర ఎంతో ఆలోచించుకుని వచ్చి, పిల్లలతో నిశ్శబ్దం ఆట ఆడించబోతాడు. పిల్లలు ఊళలు, కేకలు. ఆట పాడైపోతుంది, త్వరగా ఇళ్లకు పంపేస్తాడు, పైవాళ్ల చేత మాటలు పడతాడు. మర్నాడు కథ మొదలుపెడతాడు, అప్పుడు కూర్చుంటారు. ప్లాన్ మొత్తం మొదటి రోజే చెడిపోయిన టీచర్‌ని చూపించే పుస్తకం కొత్తగా డీఎస్సీలో వచ్చిన పిల్లలకి ఎంత ధైర్యమో! ఇంకో విషయం, లక్ష్మీరాం ముందుగా విద్యాధికారి దగ్గరికి వెళ్లి అనుమతి తీసుకున్నాడు. ఏడాది చివర పరీక్ష ఉంది, తోటి టీచర్ల సణుగుడు ఉంది, అన్నీ ఉన్నాయి. మనలాంటి బడి అది.

వైజాగ్ ఫిజిక్స్:
అనుమతి ఇచ్చిన ఆ అధికారి పాత్ర మీద కూడా ఒక సినిమా తీయాలి ఎవరైనా. నిజంగానే అంటున్నాను.

నెల్లూరు నుంచి ఒక అమ్మ:
నేను టీచర్‌ని కాదు, మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. '35 - చిన్న కథ కాదు' (2024) చూశారా? తిరుపతిలో జరిగే కథ. ఒంటరిగా ఉంటే విలువ లేని సున్నా ఒకటి పక్కకి రాగానే తొమ్మిది కంటే పెద్దది ఎలా అయిందని అడిగే పిల్లాడు, మార్కులను బట్టి పిల్లల్ని పిలిచే లెక్కల మాస్టారు. పదో తరగతి తప్పిన తల్లి తనే లెక్కలు నేర్చుకుని కొడుక్కి చెబుతుంది.

ఆ సినిమా చూసొచ్చాక మా అబ్బాయి "అమ్మా, మా సారు కూడా మార్కులు గట్టిగా చదువుతారు" అన్నాడు. అప్పటిదాకా నాకు ఆ సంగతే తెలియదు. నేను వెళ్లి సార్‌తో మామూలుగానే మాట్లాడాను, ఆయనా విన్నారు, ఇప్పుడు పేపర్లు మడిచి చేతికిస్తున్నారు. మీ మీటింగుల్లో సినిమా వేసేది మీకు మీరే చూసుకోవడానికైతే సగమే ఉపయోగం. అదే సినిమా బడిలో పేరెంట్స్ మీటింగ్ రోజు వేసి మమ్మల్ని కూడా కూర్చోబెట్టండి.

కామారెడ్డి ఎస్‌జీటీ:
అమ్మా, మీరు రావడం చాలా మంచిదైంది, ఈ ఆలోచన మాకు తట్టలేదు. వచ్చే కాంప్లెక్స్ మీటింగ్‌కి నేను రెండు అడగబోతున్నాను. సినిమా సీన్ల బదులు 'పగటికల' మొదటి రోజు భాగం అందరం కలిసి చదవడం, దాని తర్వాత ఎవరి క్లాసులో వాళ్లు చేసి చూసిన ఒక్క పని చెప్పడం. తండా బడి అన్నా, ఆ అట్టముక్కలు ఫొటో తీసి పెట్టగలరా? పిల్లల పేర్లు కనపడకుండా చూడండి. అక్షరం ఎంత సైజులో రాస్తున్నారు, మాట మర్చిపోయిన పిల్లకు అదే అట్ట మళ్లీ ఇస్తున్నారా లేక కొత్త మాట అడుగుతున్నారా?

పాలమూరు తండా బడి:
పెడతా సార్. అక్షరం అరచేయంత. మర్చిపోతే ఆ అట్ట తీసేసి కొత్త మాట అడుగుత, ఆ న్యూజిలాండ్ టీచరమ్మ కూడా అట్లనే చేసేది. గుర్తులేదంటే అది ఆ పిల్లకి అంత ముఖ్యమైన మాట కాదన్నట్టు.